హోటల్ వెనకవైపు

ప్లేటు స్టీలుదే. కానీ ఇడ్లీ స్టీలు మీద పడదు. ముందు ప్లేటులో గుండ్రంగా కత్తిరించిన ఆకుపచ్చ కాగితం పరుస్తారు. దాని మీద అరటాకు ఈనెలు అచ్చేసి ఉంటాయి, నడిమి ఈనెతో సహా. పల్లి చట్నీ కిందికి దిగకుండా పైన కంటికి ఆనని ప్లాస్టిక్ పొర. దాని మీద నాలుగిడ్లీలు, గరిటెడు చట్నీ, పక్కన సాంబార్. తిన్నాక చెయ్యి కడుక్కోవడానికి పోతూ పోతూ కాగితం మడిచి డ్రమ్ములో వేస్తే అయిపోయింది. ప్లేటు మళ్లీ బల్ల మీదికే వస్తుంది. ఇంకో కాగితం, ఇంకో నాలుగిడ్లీలు.

పొద్దున గిరాకీ మీదున్న టిఫిన్ సెంటర్‌లో ఇలా ఒక్క ప్లేటు కూడా తోమకుండా గడిచిపోతుంది. హోటలాయనకు ఇది పొదుపే. బాసన్లు తోమే మనిషి కూలి మిగిలింది, సబ్బు మిగిలింది, బోరు నీళ్లు మిగిలాయి. గిరాకీకి కూడా సంతోషమే, ఎంగిలి ప్లేటన్న అనుమానం లేదు. కాకపోతే హోటలాయన లెక్క ఆ డ్రమ్ము దగ్గర ఆగిపోతుంది. డ్రమ్ము నిండిన తర్వాతి లెక్క ఊరిది.

ఆ ఊరు రఘునాథపల్లి అనుకోండి. దాని మీదుగా పోయేవాళ్లు ఎక్కువ, ఆగేవాళ్లు తక్కువ. హైదరాబాద్ నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. జనగామ దాటాక, స్టేషన్ ఘన్‌పూర్ రాకముందు, 163వ నంబరు జాతీయ రహదారి మీద తగిలే మండల కేంద్రం. 2016 అక్టోబర్ 11న జనగామ జిల్లా అయ్యేదాకా వరంగల్ జిల్లాలోనే ఉండేది. నిజాం రైలు 1886లో సికింద్రాబాద్ నుంచి వరంగల్ చేరిన దారి కూడా ఇదే. ఊరి పేరుతో స్టేషన్ ఉంది, ప్యాసింజర్ బండ్లు ఆగుతాయి, ఎక్స్‌ప్రెస్‌లు కూత పెట్టి పోతాయి. రోడ్డు మీద కూడా అంతే. సూపర్ లగ్జరీ బస్సులకు ఇక్కడ పనిలేదు, పల్లెవెలుగుకే పని. నాలుగు వరుసల రోడ్డు వచ్చాక కార్లు, లారీలు ఇంకా జోరందుకున్నాయి. మండలంలోని కొమళ్ల దగ్గర టోల్ గేటు ఉంది కాబట్టి అక్కడొక్కచోట అందరూ బ్రేకు తొక్కాల్సిందే.

చూడటానికేమీ లేక కాదు. ఖిలాషాపూర్‌లో సర్వాయి పాపన్న కోట ఈ మండలంలోనే ఉంది. కల్లుగీత కులంలో పుట్టి, 1708లో వరంగల్ కోటనే కొల్లగొట్టిన పాపన్న. నిడిగొండలో కాకతీయుల నాటి త్రికూటాలయం ఉంది. జనగామ పక్కనే కంచు, ఇత్తడి పనికి పేరుమోసిన పెంబర్తి. ఇన్ని చూడాలనుకున్నవాళ్లు కూడా రాత్రి పడుకోవడానికి జనగామ లాడ్జికో, హన్మకొండలో పర్యాటక సంస్థ నడిపే హరిత కాకతీయకో పోతారు. రఘునాథపల్లి వైపు హోటలంటే చాయ్ హోటల్, టిఫిన్ సెంటర్, మధ్యాహ్నం మెస్, సాయంత్రం కర్రీ పాయింట్, రోడ్డు మీద దాబా, పెళ్లిళ్ల కాలంలో ఫంక్షన్ హాలు. స్టార్లు లేవు, గదులు లేవు. హోటళ్లు పర్యావరణాన్ని కాపాడాలని పట్నంలో సదస్సులు జరిగినప్పుడు వీళ్లనెవరూ పిలవరు. నన్నడిగితే ఆ సదస్సు మొదలుపెట్టాల్సింది ఇక్కడి నుంచే. ఎందుకంటే ఈ చిన్న హోటళ్లకు పొదుపు ఎవరూ నేర్పనక్కర్లేదు. వాళ్ల పొదుపు ఏ గడప దాకా వచ్చి ఆగుతుందో చూస్తే చాలు, మిగతాదంతా అర్థమవుతుంది.

గ్యాసు సంగతి చూడండి. హోటలోళ్లు వాడాల్సింది 19 కిలోల కమర్షియల్ సిలిండర్. 2022లో దాని ధర రెండు వేలు దాటి పోయినప్పుడు చిన్న హోటళ్లు వణికిపోయాయి. అందుకే దోసె పెనం కింద మంట ఎంత పెట్టాలో, ఏ పొయ్యి ఎప్పుడు ఆర్పాలో మాస్టర్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. సాంబారు, అన్నం, నీళ్లు కాగబెట్టడం వెనకాల కట్టెల పొయ్యి మీదికి పోతాయి. పొద్దటి ఇడ్లీలు మిగిలితే పోపేసి ఉప్మా. మిగిలిన అన్నం రాత్రికల్లా పులిహోరో, ఎగ్ రైసో. పాలు విరిగితే పారబోసే మాటే లేదు. రేపటి పిండి ఎంత నానబెట్టాలన్నది నిన్నటి గిరాకీని బట్టి, రేపటి వారాన్ని బట్టి, పెళ్లి ముహూర్తాలను బట్టి నిర్ణయమవుతుంది. పెద్ద హోటళ్లు కంప్యూటర్ పెట్టి, సలహాదార్లను పెట్టి చేసే పని ఇదే. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన తిండి 105 కోట్ల టన్నులు. అందులో 28 శాతం హోటళ్లు, క్యాంటీన్లలాంటి వంటశాలలది, 60 శాతం ఇళ్లది. బఫే పెట్టి కంటికి నిండుగా కనపడాలని వండే హోటల్‌ను, గిరాకీ చూసి చట్నీకి పోపు పెట్టే హోటల్‌ను ఒకే గాటన కట్టలేం.

అయినా కొంత మిగులుతుంది. ప్లేట్లో ఎంగిలి మెతుకులు, బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్కలు. ఒకప్పుడు వీటికి తిరుగులేని దారి ఒకటుండేది. హోటల్ వెనకాల కుడితి బకెట్. బర్రెలున్నవాళ్లు పొద్దున, సాయంత్రం వచ్చి తీసుకుపోయేవారు. బర్రె పాలు మళ్లీ అదే హోటల్ చాయ్‌లోకి వచ్చేవి, పేడ పెంటకుప్పకు, అక్కడి నుంచి పొలానికి. ఎవరూ దీనికో పేరు పెట్టలేదు, బోర్డు కట్టలేదు, కానీ చక్రం పూర్తిగా తిరిగేది.

ఆ చక్రాన్ని ఆపింది ప్లాస్టిక్ కాగితం. డ్రమ్ములో ఇప్పుడు మెతుకులు, చట్నీ, ఆకు బొమ్మ కాగితం, చాయ్ కప్పు, చట్నీ కవరు అన్నీ కలిసే పడతాయి. దాన్ని బర్రె ముందు పెట్టాలంటే కూర్చుని ఏరాలి. అంత ఓపిక ఎవరికుంది? ఏరకుండా పారబోస్తే రోడ్డు మీది ఆవులు కాగితంతో సహా తింటాయి. పొట్టలో కిలోలకొద్దీ ప్లాస్టిక్‌తో చచ్చిపోయే పశువుల వార్తలు మనకిప్పుడు కొత్త కాదు. తోమే నీళ్లు మిగలబెట్టిన కాగితం కుడితిని చెడగొట్టింది. ప్లాస్టిక్‌తో జరిగే నష్టాల్లో దీన్ని నేను ముందు రాస్తాను. నేల పాడు కావడం, కాలువ పూడిపోవడం అందరూ చెప్పేవే. హోటల్‌కూ పశువుల కొట్టానికీ మధ్య తెగిన ఈ దారి గురించి ఎక్కడా మాట వినపడదు.

పొదుపు బెడిసికొట్టే చోటు ఇంకోటుంది. మిర్చి బజ్జీ కడాయి. సాయంత్రం నాలుగింటికి ఎక్కిన నూనె రాత్రి దాకా కాగుతూనే ఉంటుంది. తగ్గినప్పుడల్లా పైన కొత్త నూనె పోస్తారు, పాతది పారేయరు. నూనె నల్లబడి, చిక్కబడి, కడాయి అంచుల వెంట నురగ కడుతుంది. ఇలా పదేపదే కాచిన నూనెలో పేరుకునే చెడును కొలవడానికి ఆహార భద్రత సంస్థ 2018 జూలై నుంచి ఒక గీత గీసింది. టోటల్ పోలార్ కాంపౌండ్స్ అనేవి 25 శాతం దాటితే ఆ నూనె వంటకు పనికిరాదు. వాడేసిన నూనెను సేకరించి బయోడీజిల్ చేసే పథకం కూడా అదే ఏడాది మొదలైంది. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడేచోట లెక్కలు రాయాలన్నారు. బజ్జీల బండి ఆ లెక్కలోకి రాదు. పాత నూనె కొనడానికి దాని దగ్గరికి ఎవరైనా వస్తే, లీటరుకింత అని చేతిలో పెడితే, ఆ కడాయి రేపే మారుతుంది. అప్పటిదాకా నూనె కొన్న డబ్బు హోటలాయనది, తిన్నాక వచ్చే ఛాతీ మంట గిరాకీది.

నీళ్లు.

జనగామ అంటే కరువు అని ఒక తరం మొత్తం చెప్పుకున్న మాట. కింద గట్టి బండ. నీళ్లుంటే బండ పగుళ్లలోనే. ఒక చేనులో బోరు పడితే పక్క చేనులో దుమ్ము లేచేది. బోర్లు వేసీ వేసీ అప్పులపాలైన రైతులు ఈ నేల మీద కొల్లలు. ఏటూరునాగారం వైపు గంగారం దగ్గర గోదావరి నుంచి నీళ్లెత్తే దేవాదుల పథకం ఇటు చేరాక చెరువులు నిండటం మొదలైంది. ఈ మండలంలోని అశ్వరావుపల్లి రిజర్వాయర్ కూడా ఆ పథకంలోదే. చెరువు నిండితే చుట్టుపక్కల బోర్లు కళకళలాడతాయి. మంచిదే. కానీ ఆ నీరు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని మోటార్ల మీద, ఎంత కరెంటు తిని ఇక్కడికి ఎక్కి వచ్చిందో హోటల్ నల్లా దగ్గర కనపడదు. హోటల్ మోటారుకు మీటరుంది, కమర్షియల్ రేటు పడుతుంది. బోరులోంచి తోడే నీళ్లకు మాత్రం మీటరు లేదు. బోర్ల మీద అదుపు కోసం 2002లో వాల్టా చట్టం తెచ్చారు. కాగితం మీద చట్టం గట్టిదే. రాత్రికి రాత్రి రిగ్గు లారీ వచ్చి దింపిపోయే బోరును ఆపింది తక్కువ.

నీళ్లు నిజంగా లేకపోతే హోటల్ ఏమవుతుందో 2019 వేసవిలో చెన్నై చూపించింది. ట్యాంకర్లు దొరక్క హోటళ్లు మధ్యాహ్నం భోజనం తగ్గించాయి, కొన్నిచోట్ల మానేశాయి. ప్లేట్లు కడగలేక ఆకులు, కాగితాలు పట్టుకున్నాయి. అంతకుముందే పుణెలో హోటళ్లవాళ్లు కూర్చోగానే గ్లాసు నిండా నీళ్లు పోయడం మాని సగం గ్లాసే పోయడం మొదలుపెట్టారు, దూపైతే ఇంకోసారి అడుగుతారని. మన దగ్గర మాత్రం స్టీలు జగ్గు, దానికి తోడు అరలీటరు సీసా. సగం తాగి సగం వదిలేసిన సీసాలు బల్లల మీద వరసగా కనపడతాయి.

అంటే ప్లేటు కడగాలా, కాగితం పరచాలా? కరువు ప్రాంతంలో నీళ్లు మిగిల్చే కాగితమే మేలనే వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. కానీ ప్లేటు తోమిన నీళ్లకు ఇంకో జన్మ ఉంది. ఒక తొట్టిలో సబ్బు నీళ్లు, రెండో తొట్టిలో జాలిచ్చే నీళ్లు, మూడో తొట్టిలో మంచినీళ్లు పెట్టుకుంటే నల్లా విప్పి వదిలేసిన దాంట్లో చిన్న వంతుతో పని అయిపోతుంది. జిడ్డు తేరుకోవడానికి ఒక గుంత, ఆ తర్వాత ఇసుక, కంకర. అక్కడి నుంచి అరటి చెట్లకో, కొబ్బరి చెట్టుకో. హోటల్ వెనకాల ఏపుగా పెరిగిన అరటి గుబురు కనపడితే, ఆ హోటలాయనకు లెక్క తెలుసని నేను నమ్ముతాను. ప్లాస్టిక్ పొర అంటిన కాగితం ఏ చెట్టుకూ పనికిరాదు. కాల్చితే పొగ, పూడ్చితే పూడ్చినట్టే ఉంటుంది.

పట్నంలో పెద్ద హోటళ్ల సంగతి కొంచెం చెప్పుకోవాలి. పర్యావరణానికి అనువైన భవనాల కథ మన దేశంలో మొదలైందే హైదరాబాద్ నుంచి. పరిశ్రమల సమాఖ్య సీఐఐ వాళ్ల గ్రీన్ బిజినెస్ సెంటర్‌కు 2003లో లీడ్ అనే అమెరికా గ్రీన్ రేటింగ్‌లో ప్లాటినం గుర్తింపు వచ్చింది, అమెరికా బయట ఆ మెట్టెక్కిన మొదటి భవనం అదే. 2004లో రాష్ట్రపతి కలాం వచ్చి ప్రారంభించారు. ఆ తర్వాత హైటెక్ సిటీలో దుర్గం చెరువు దగ్గర 2018లో తెరిచిన ఐటీసీ కోహినూర్ కూడా ప్లాటినం గుర్తింపు ఉన్నదే. ఇలాంటిచోట్ల స్నానాల నీళ్లు, వంటింటి నీళ్లు శుద్ధి చేసి ఏసీ యంత్రాలకు, తోటకు, ఫ్లష్‌కు వాడతారు. కరెంటు ఎక్కడ ఎంత పోతుందో గదిగదికీ లెక్కుంటుంది. వీళ్లను చూసి వెక్కిరించాల్సిన పనిలేదు. ఎండాకాలంలో ట్యాంకర్ కొనేవాడికి బొట్టు బొట్టు విలువ తెలుస్తుంది. పైగా కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేకుండా పెద్ద హోటల్ నడవదు, నీళ్లు ఎటు పోతున్నాయో చెప్పి తీరాలి. వాళ్లు బుద్ధిమంతులు కావడానికి బిల్లు, చట్టం రెండూ సాయపడ్డాయి.

ఎటొచ్చీ గదిలో మంచం మీద పెట్టే కార్డుంది చూశారూ, "భూమిని కాపాడండి, తువ్వాలు మళ్లీ వాడండి" అని, అది చూస్తే మాత్రం నవ్వొస్తుంది. జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికన్ పర్యావరణవేత్తకు కూడా ఇలాంటి కార్డు చూసే ఒళ్లు మండింది. చుట్టూ ఉన్న దీవిని కొరుక్కుతింటూ రిసార్టు కట్టుకున్నవాళ్లు తువ్వాలు ఉతక్కుండా భూమిని రక్షిస్తారా అని 1986లో ఒక వ్యాసం రాశాడు. ఇప్పుడందరూ అంటున్న గ్రీన్‌వాషింగ్ అన్న తిట్టు పుట్టింది అక్కడే. ఇంకో ముచ్చట. 2008లో గోల్డ్‌స్టీన్, చాల్డీని, గ్రిస్కెవీషియస్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక హోటల్‌లో ఆ కార్డు మాటలు మార్చి చూశారు. పర్యావరణం కోసం అని రాసిన గదుల్లో 37 శాతం మంది తువ్వాలు మళ్లీ వాడారు. "ఈ గదిలో దిగినవాళ్లలో ఎక్కువమంది మళ్లీ వాడారు" అని రాసినచోట 49 శాతం. నీతి చెబితే వినని మనిషి, పక్కోడు చేశాడంటే చేస్తాడు. చాయ్ హోటల్లో కూడా అంతే. నలుగురు గాజు గ్లాసులో తాగుతుంటే ఐదోవాడు కాగితం కప్పు అడగడు.

ఆ కాగితం కప్పు నిజానికి కాగితం కప్పు కాదు, లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది. ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్లు 2020లో పరీక్షించి, అందులో వేడి నీళ్లు పావుగంట ఉంచితే 100 మిల్లీలీటర్లలో దాదాపు 25 వేల సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు దిగుతున్నాయని తేల్చారు. కరోనా రోజుల్లో గాజు గ్లాసు అంటే భయపడి కప్పు పట్టుకున్నాం, ఆ భయం పోయినా కప్పు పోలేదు. వేడినీళ్లలో ముంచి తీసిన గాజు గ్లాసు, ఇరానీ హోటళ్ల పింగాణీ కప్పు, సాసరు ఇన్నేళ్లూ ఎవరినీ చంపలేదు.

ఇక చట్టం సంగతి. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు దేశమంతా నిషేధం. అదే ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్ల కన్నా పలచని క్యారీ బ్యాగు కుదరదు. సాయంత్రం ఏ కర్రీ పాయింట్ ముందైనా నిలబడి చూడండి. పప్పు ఒక కవరు, పులుసు ఒక కవరు, వేపుడు ఒక కవరు, పెరుగు ఒక కవరు. పొగలు కక్కే చారును అరచేతిలో పలచటి సంచిలోకి ఒంపి, గాలి నింపి, దారంతో నాలుగు చుట్లు తిప్పి ఠప్పున తెంపే ఆ వేగం ఒక విద్య. నాలుగిళ్ల కూరలు నాలుగు నిమిషాల్లో కట్టేస్తారు. ఆ కవర్లన్నీ కలిపి చేతికిచ్చే సంచి ఒక్కటే మందం. 120 మైక్రాన్ల లెక్క అడిగిందీ దాన్నే.

చెత్త పోయేది ఎక్కడికి? ఇక్కడ హోటలాయనను ఒక్కడినే నిలబెట్టి అడగడం న్యాయం కాదు. 2019 సెప్టెంబర్‌లో పల్లె ప్రగతి కార్యక్రమం మొదలైనప్పుడు ఊరూరికీ ట్రాక్టరు వచ్చింది, డంపింగ్ యార్డు వచ్చింది, తడి చెత్త ఎరువు చేసే షెడ్డు కట్టారు. వీధుల్లో ట్రాక్టరు తిరుగుతుంది. కానీ రహదారి అంచు ఊరి వీధి కాదు. రోడ్డు హద్దు జాతీయ రహదారి సంస్థది, దాని వెనక స్థలం హోటల్‌ది, ఆ వెనక పొలం రైతుది. గాలికి లేచిన కవరుకు ఈ హద్దులు తెలియవు. వరి మడిలో దిగిన రైతు కాలికి తగిలేది కవరు ఒక్కటే కాదు, పగిలిన బీరు సీసా పెంకు కూడా. రెండేళ్లకోసారి మేడారం జాతర వచ్చినప్పుడు హైదరాబాద్ వైపు జనమంతా ఈ రోడ్డు మీదే పోతారు, ఈ రోడ్డు మీదే తింటారు. బెల్లం అమ్మలకు, కవర్లు దారి పొడవునా పల్లెలకు. టోల్ గేటు దగ్గర ఫాస్టాగ్ పైసలతో సహా లెక్క తీస్తుంది. ఆ బండి కిటికీలోంచి వచ్చిపడే సీసాకు లెక్క లేదు.

సీసాకూ లెక్క కట్టొచ్చని తిరుమల చేసి చూపించింది. కొండ మీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలు మాన్పించి గాజు సీసాలు తెచ్చారు. సీసాకు కొంత డిపాజిట్, ఖాళీ సీసా తిరిగిస్తే డబ్బు వెనక్కి. 2022 నుంచి నిషేధం ఇంకా గట్టిపడింది. రోజుకు వేలకు వేలమంది వచ్చిపోయే చోటే అది నడిచింది. నీలగిరుల్లో మద్యం సీసాలకు పది రూపాయలు ఎక్కువ తీసుకుని, ఖాళీ సీసా తెచ్చినప్పుడు తిరిగిచ్చే పద్ధతి హైకోర్టు చెబితే వచ్చింది, గాజు పెంకులు ఏనుగుల కాళ్లలో దిగుతున్నాయని. ఏనుగుల కోసం కుదిరింది మన వరి కూలీల కోసం ఎందుకు కుదరదు?

మనకు దగ్గర్లో సిద్దిపేట స్టీల్ బ్యాంకు ఇంకా తేలికైన ఉపాయం. వార్డులో స్టీలు ప్లేట్లు, గ్లాసులు, గిన్నెలు పెట్టి, ఎవరింట్లో దావతైతే వాళ్లు తీసుకుపోయి, వాడుకుని, కడిగి తిరిగిచ్చేలా చేశారు. రఘునాథపల్లి లాంటి చోట హోటళ్ల కన్నా ముందు ఇది కావాల్సింది ఫంక్షన్ హాళ్లకు. ఒక్క పెళ్లి తెల్లారి హాలు వెనక చూస్తే తెలుస్తుంది. చిన్న చిన్న నీళ్ల సీసాలు, రెండు గుక్కలు తాగి వదిలేసినవి, బఫే ప్లేట్లు, ఐస్‌క్రీమ్ కప్పులు. మిగిలిన బగారన్నం, మటన్ రాత్రికి రాత్రి ఎవరికీ చేరకపోతే పొద్దున్నకు పులిసి వాసన కొడుతుంది. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజుకు పది టన్నుల కూరగాయల చెత్తతో గ్యాసు తీసి, 500 యూనిట్ల దాకా కరెంటు, మార్కెట్ క్యాంటీన్ పొయ్యికి 30 కిలోల గ్యాసు తయారు చేస్తున్నారు. ఆ యంత్రం రూపకల్పన తార్నాకలోని ఐఐసీటీ పరిశోధన సంస్థది. పది టన్నులు మన ఊరికి దొరకవు, దొరక్కూడదు కూడా. చిన్న గోబర్ గ్యాస్ గుంత చాలు. పేడ కలిసే ఊళ్లో ఆ గుంత పట్నంలో కన్నా సులువుగా నడుస్తుంది.

మరి విస్తరాకు? మోదుగాకులు కోసి, ఎండబెట్టి, సన్నటి పుల్లలతో గుండ్రంగా కుట్టే పని తెలిసిన ఆడవాళ్లు ఈ ప్రాంతంలో ఇంకా ఉన్నారు. ఇప్పుడు కుట్టిన ఆకును మిషన్ మీద వేడిగా ఒత్తి అంచులు లేపుతున్నారు, సాంబారు కారకుండా. విస్తరాకును చూస్తే అందరికీ మనసు మెత్తబడుతుంది గానీ, రోజూ వందల ప్లేట్లు నడిచే టిఫిన్ సెంటర్‌కు అది జవాబు కాదు. మోదుగ చిగురించే కాలం వేరు, గిరాకీ కాలం వేరు. ధర కాగితంతో పోటీ పడదు. పెళ్లికి, జాతరకు, వనభోజనానికి ఆకు. రోజూ నడిచే హోటల్‌కు తోమిన స్టీలు. చాయ్‌కి గాజు. ఇంతకన్నా తెలివైన ఏర్పాటు కోసం ఎక్కడికీ పోనక్కర్లేదని నా అభిప్రాయం.

ఈ మాటలన్నీ ఇప్పుడెందుకంటే, ఈ రోడ్డు మీద ఆగేవాళ్లు పెరగబోతున్నారు. 2021లో భూదాన్ పోచంపల్లిని ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. అదే ఏడాది రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చింది. 2023లో కేంద్ర పర్యాటక శాఖ ఎంచిన ఉత్తమ గ్రామాల్లో మన పెంబర్తి ఉంది, సిద్దిపేట జిల్లా చంద్లాపూర్‌తో పాటు. హైదరాబాద్ నుంచి రామప్పకు పోయేవాళ్ల దారి ఇదే. పెంబర్తిలో కంచరి కొలిమి చూసి, ఖిలాషాపూర్ బురుజెక్కి, నిడిగొండ గుడి చూసి రాత్రికి ఇక్కడే ఉంటామనే రోజు వస్తే గదులు లేస్తాయి. గదులు లేస్తే ఏసీలు, స్నానాలు, దుప్పట్ల ఉతుకుడు, రెండో బోరు, మూడో బోరు. కాలుష్య మండలి లెక్కలో 20 గదుల లోపు, బాయిలర్ లేని హోటల్ చిన్నాచితకా కిందికే వస్తుంది. దాన్ని పట్టించుకునేవాళ్లు పెద్దగా ఉండరు. గదులు కట్టకుండా, ఊళ్లో మండువా ఇల్లో, పెంకుటిల్లో ఉన్నవాళ్లు రెండు గదులు సర్దిచ్చి, జొన్నరొట్టె, నాటుకోడి పులుసు పెడితే ఖర్చు తక్కువ, నీళ్లు తక్కువ, వచ్చిన డబ్బు ఊళ్లోనే తిరుగుతుంది. నా మొగ్గు దీనికే.

ఈ చిన్న హోటళ్లను పట్టించుకోవాల్సింది పంచాయతీ. 2018 పంచాయతీరాజ్ చట్టంలో వ్యాపార లైసెన్సు ఇచ్చే అధికారం దానిదే. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన నడిచాక 2025 డిసెంబర్‌లో మళ్లీ సర్పంచులొచ్చారు. లైసెన్సు కాగితం మీద ఇప్పుడు అడిగేది ఫీజు కట్టారా లేదా అనే. తడి చెత్త ఎవరికి ఇస్తున్నారు, తోమిన నీళ్లు ఎటు పోతున్నాయి అని ఇంకో రెండు గీతలు చేరిస్తే ట్రాక్టరు పని సగం తగ్గుతుంది. కుడితి వేరుగా పెట్టిన హోటల్‌కు చెత్త రుసుము తగ్గించవచ్చు. కూరలకు సొంత డబ్బా తెచ్చుకున్న గిరాకీకి రెండు రూపాయలు తగ్గించే కర్రీ పాయింట్ పేరు పంచాయతీ బోర్డు మీద రాయవచ్చు. కవరు ఖర్చు మిగులుతుంది గనక హోటలాయనకు ఆ రెండు రూపాయలు పెద్ద బరువేమీ కాదు. రోడ్డు అంచున పడే చెత్త ఎవరెత్తాలన్నది మాత్రం సర్పంచు ఒక్కడి చేతిలో లేదు. అది రహదారి సంస్థతో కూర్చుని తేల్చుకోవాల్సిన పంచాయితీ. వచ్చే జాతర బండ్లు రోడ్డెక్కక ముందే ఆ కూర్చోవడం అయిపోతే మంచిది.